డాన్ ఎల్లిస్ తాళాలు: 5 నుంచి 19 దాకా మెట్టు మెట్టుగా పట్టుకోవడం

1966 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని మాంటెరే జాజ్ ఫెస్టివల్‌లో డాన్ ఎల్లిస్ బిగ్ బ్యాండ్ వాయించిన ఒక రచనకు పేరు అంకెలే: 33 222 1 222. అన్నీ కూడితే 19. ఆవర్తానికి, అంటే తాళం ఒక్క చుట్టుకు, 19 బీట్లన్నమాట. అంతకంటే ముఖ్యమైన విషయం కూడా ఆ పేరులోనే ఉంది: ఆ 19ని ఎలా ముక్కలు చేసుకోవాలో. పందొమ్మిది దాకా లెక్కపెట్టుకుంటూ ఎవరూ సంగీతం వాయించలేరు. మూళ్లు, రెళ్లు పేర్చుకుంటూ పోతే మాత్రం ఎంత పెద్ద తాళమైనా ఒంటికి పడుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ పేర్పు గురించే. చిన్న కాలేజీ బ్యాండ్ ఉన్నవాళ్లకీ, ఒక్కరే కీబోర్డు ముందు కూర్చునేవాళ్లకీ పనికొచ్చేలా రాశాం.

ఎల్లిస్ (1934–1978) లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ట్రంపెట్ కళాకారుడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో సంగీత రచన చదివాడు. రవిశంకర్ శిష్యుడు హరిహర్ రావు దగ్గర మన తాళాల లెక్క నేర్చుకున్నాడు. ఇద్దరూ కలిసి హిందుస్థానీ జాజ్ సెక్స్‌టెట్ నడిపారు, జాజ్ కళాకారుల కోసం భారతీయ సంగీత పరిచయ వ్యాసం కూడా రాశారు. కాబట్టి మిశ్ర చాపు (7), ఖండ చాపు (5) లాంటి కర్ణాటక తాళాలు చెవిన పడి పెరిగినవాళ్లకు ఈ దారి సగం తెలిసిందే. కానీ ఆ తెలిసిన సగమే కొన్నిచోట్ల తప్పుదారి పట్టిస్తుంది. అవి ఎక్కడెక్కడో వచ్చినప్పుడు చెబుతాం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక మెట్రోనోమ్ యాప్, రికార్డు చేసుకోవడానికి ఫోన్, పాటను 75 శాతం వేగానికి తగ్గించి వినిపించే ప్లేయర్. వినవలసినవి ఈ వరుసలో పెట్టుకోండి: 1967 నాటి 'ఎలక్ట్రిక్ బాత్' ఆల్బమ్ నుంచి ఇండియన్ లేడీ (5), అదే ఆల్బమ్‌లో టర్కిష్ బాత్ (7), 'లైవ్ ఇన్ 3⅔/4 టైమ్' నుంచి అప్‌స్టార్ట్ (11), మళ్లీ ఎలక్ట్రిక్ బాత్‌లోని న్యూ హొరైజన్స్ (17), చివరికి మాంటెరే రికార్డులోని 19. మొదటిసారి వినేటప్పుడు ట్రంపెట్లను వదిలేసి బాస్‌ను (అన్నిటికంటే కింది స్వరాలు పలికే వాయిద్యాన్ని) మాత్రమే పట్టుకోండి. ఇత్తడి వాయిద్యాలు తాళాన్ని అడ్డంగా కోస్తూ పోతాయి. ఆవర్తం ఎక్కడ మొదలైందో దాచకుండా చెప్పేది బాసే.

మెట్టు 1: మూళ్లు, రెళ్లు నోటికి పట్టించడం

వాయిద్యం పక్కన పెట్టండి. రెండుకి తక, మూడుకి తకిట, ఒంటరి ఒకటికి త. ఈ మూడే. తకధిమి వాడకండి. మృదంగం నేర్చినవాళ్లకు నాలుగు వస్తే నోరు తకధిమి అనేస్తుంది, అప్పుడు నాలుగూ కలిసి ఒకే ముద్దవుతాయి. ఎల్లిస్ పద్ధతిలో నాలుగు అంటే తక తక. మూడో బీట్ దగ్గర కూడా కొత్త అడుగు పడాలి.

కుడిచేత్తో తొడ మీద ప్రతి బీట్‌నూ సమానంగా తట్టండి. నోటితో జతులు, అంటే ఆ తక, తకిటలు, చెప్పండి. పాదం మాత్రం ప్రతి ముక్క మొదట్లోనే నేలకు తగలాలి. అంటే తకిట దగ్గర పొడుగు అడుగు, తక దగ్గర పొట్టి అడుగు. పాదాన్ని ప్రతి బీట్‌కీ వేస్తే అన్ని బీట్లూ ఒకేలా అనిపించి, మళ్లీ వేళ్ల లెక్కకే పోతారు. పొడుగు, పొట్టి అడుగుల నడక ఒంటికి ఎక్కడమే ఇక్కడ అసలు పని. బల్గేరియా, టర్కీ జానపద నృత్యాల్లో జనం ఇలాంటి తాళాలకు ఏ లెక్కా లేకుండా చిందేసేది ఈ నడకతోనే.

మెట్రోనోమ్ 80 (నిమిషానికి 80 బీట్లు) దగ్గర మొదలుపెట్టండి. 30 ఆవర్తాలు తప్పకుండా వచ్చాకే 4 చొప్పున పెంచండి. 80లో సరిగ్గా వచ్చి 84లో పాదం తడబడుతోందంటే, మీరు ఇంకా మనసులో అంకెలు లెక్కపెడుతున్నారన్నమాట. వేగం పెరిగితే అంకెల పేర్లు నోట్లో ఇమడవు, జతులు ఇముడుతాయి.

మెట్టు 2: 5, అక్కడి మొదటి ఉచ్చు

ఖండ చాపు మన చెవికి 2+3: తక తకిట. జాజ్‌లో 5 ఎక్కువగా 3+2: తకిట తక. మన చెవి మధ్యలోని తకను ఆవర్తం మొదలు అనుకుని మూడు బీట్లు వెనగ్గా కూర్చుంటుంది. తాళం తప్పినట్టు కూడా తెలియదు, ఎందుకంటే రెండు లెక్కలూ ఐదే. దీనికి మందు ఒకటే: బాస్ తిరిగి మొదటి స్వరానికి వచ్చే చోటు పట్టుకుని, అక్కడ గట్టిగా "తకిట" అనండి.

రెండో తేడా వేగంలో ఉంది. ఖండ చాపులో ఐదు అక్షరాలూ చురుగ్గా దొర్లిపోతాయి. ఇక్కడ ఐదు పూర్తి బీట్లు, ఒక్కో దాంట్లో మళ్లీ రెండేసి చిన్న స్వరాలు. ఆ చిన్న స్వరాలు స్వింగ్‌లో సమానంగా ఉండవు. తిశ్ర నడలో (బీట్‌ను మూడు ముక్కలు చేసి) తకిట అనుకుని, 'త'ను 'క' మీద దాకా సాగదీసి 'ట'ను మాత్రం విడిగా పలికితే స్వింగ్‌కు దగ్గరగా వస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గి రెండూ దాదాపు సమానమవుతాయి. పాప్, రాక్ ధోరణిలో ఉన్న రచనల్లో అసలు స్వింగ్ ఉండదు, సమానంగానే వాయించాలి. బ్యాండులో సగం మంది స్వింగ్‌లో, సగం మంది సమానంగా వాయిస్తే తాళం సరిగానే ఉన్నా వినడానికి కుంటినడకలా ఉంటుంది. ఏదో ఒకటి ముందే తేల్చుకోండి.

డ్రమ్స్‌కు మొదటి నమూనా: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1, 4 మీద; స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) 3, 5 మీద; రైడ్ (పెద్ద తాళపు పళ్లెం) ప్రతి బీట్‌కీ.

మెట్టు 3: 7

3+2+2. తకిట తక తక. మిశ్ర చాపు వచ్చినవాళ్లకు ఇది పుట్టింటికి వెళ్లినట్టే ఉంటుంది, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగి చెయ్యి బాగా తిరిగేలా చేసుకోండి. కిక్ 1, 4, 6. స్నేర్ 3, 5, 7. బాస్‌కు మూడు స్వరాలు చాలు: 1 మీద డి, 4 మీద పై ఏ, 6 మీద సి. రెండు రోజులు ఇదొక్కటే తిప్పండి.

తర్వాత మెట్రోనోమ్ పరీక్ష. మీ వేగం 100 అయితే మెట్రోనోమ్‌ను 50కి తగ్గించండి. ఇప్పుడది బీట్ విడిచి బీట్ మోగుతుంది. మొదటి ఆవర్తంలో 1, 3, 5, 7 మీద పడుతుంది. రెండో ఆవర్తంలో 2, 4, 6 మీద. ఆవర్తం మారినప్పుడల్లా క్లిక్ అవతలి వైపుకు దొర్లినా మీ తకిట కదలకూడదు. ఇది వచ్చేదాకా ముందుకు వెళ్లకండి. ఈ ఒక్క అభ్యాసం తర్వాతి మెట్లన్నిటికీ పునాది.

7లో అందరూ చేసే తప్పు చివర్లో ఉంటుంది. పాప్ పాటలకు అలవాటైన చెయ్యి ఎనిమిదో బీట్ కోసం చూస్తుంది, అందుకే ఏడో బీట్ సాగిపోతుంది. రికార్డు చేసి వింటే ప్రతి ఆవర్తం చివరా చిన్న ఊపిరి పీల్చుకున్నట్టు వినిపిస్తుంది. ముఖ్యంగా డ్రమ్మర్ ఫిల్ (మామూలు నమూనా వదిలి కాసేపు వేసే చిన్న విన్యాసం) వేసినప్పుడు ఇలా జరుగుతుంది. ఫిల్‌ను ఆవర్తమంతా కాకుండా చివరి తక తకలో, అంటే 4 నుంచి 7 దాకా మాత్రమే ఇమడ్చమనండి. హద్దు తెలిస్తే చెయ్యి సాగదు.

మెట్టు 4: 11, ఆ వింత భిన్నం

3⅔/4 అన్న ఆల్బమ్ పేరు చూసి భయపడేవాళ్లు చాలామంది. విప్పితే తేలికే. ఆవర్తానికి మూడు పూర్తి బీట్లు, నాలుగో బీట్‌లో మూడింట రెండు వంతులు. ఒక్కో బీట్‌ను మూడేసి ముక్కలు చేస్తే 3+3+3+2, అంటే 11. తకిట తకిట తకిట తక. తిశ్ర నడలో నాలుగు దెబ్బల తాళం వేస్తూ చివరి దెబ్బలో ఒక్క అక్షరం కత్తిరించడమే.

కిక్ 1, 7 మీద, స్నేర్ 4, 10 మీద పెడితే మామూలు నాలుగు బీట్ల రాక్ లాగే నడుస్తుంది, చివర్లో నేల కాస్త జారినట్టుంటుంది. ఆ జారుడే దీని అందం. ప్రమాదమూ అక్కడే: పన్నెండో అక్షరం ఒంట్లో ఎప్పటినుంచో పాతుకుని ఉంది, అజాగ్రత్తగా ఉంటే తానే వచ్చి చేరుతుంది. అభ్యాసంలో మూడు ఆవర్తాలు 12లో, ఒకటి 11లో వాయించండి. తర్వాత రెండు, రెండు. తర్వాత అన్నీ 11లో. తేడా చెవికి తెలిస్తే ఇక అది అడ్డురాదు.

మెట్టు 5: 17

న్యూ హొరైజన్స్‌లో 17ని 5+5+7గా విడగొట్టారు. అభ్యాసానికి ఒక్కో 5ని 3+2గా, 7ని 3+2+2గా తీసుకోండి: తకిట తక, తకిట తక, తకిట తక తక. ముక్కల మొదళ్లు 1, 4, 6, 9, 11, 14, 16. మెట్టు 2, మెట్టు 3 సరిగా చేసినవాళ్లకు ఇందులో కొత్తదేమీ లేదు. ఐదు రెండుసార్లు, ఏడు ఒకసారి.

మెట్టు 6: 19

33 222 1 222. తకిట తకిట, తక తక తక, త, తక తక తక.

దీని కట్టడం ఒకసారి చూడండి. 3+3 ఆరు. 2+2+2 ఆరు. ఒకటి. మళ్లీ 2+2+2 ఆరు. అంటే మూడు ఆర్లు, వాటి మధ్య దూరిన ఒక ఒంటరి బీట్. మొదటి ఆరు పొడుగు అడుగులతో, మిగతా రెండు ఆర్లు పొట్టి అడుగులతో. ఆ 'త' లేకపోతే ఇది 18, ఎవరైనా వాయించేస్తారు. తాళానికి ప్రాణం పోసేది ఆవర్తంలో 13వ బీట్ మీద పడే ఆ ఒక్కటే.

ఎక్కువ బ్యాండ్లు విరిగిపోయేది కూడా 13 దగ్గరే. పొట్టి అడుగుల ఊపులో పాదం 'త'ను 'తక' చేసేస్తుంది, ఆవర్తం 20 అవుతుంది. అందరూ ఒకేసారి ఆ తప్పు చేస్తే పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే ఎవరూ ఢీకొట్టుకోరు. కాబట్టి ఒకరి చేతికి కౌబెల్ ఇచ్చి 13 మీద మాత్రమే, ఒక్క దెబ్బ కొట్టమనండి. గంట వినబడగానే మిగతావాళ్లకు పాదం వెంటనే తిరగాలని గుర్తొస్తుంది. వారం తర్వాత గంట తీసేయండి.

వేగం 120 అయితే ఒక్క ఆవర్తం తొమ్మిదిన్నర సెకన్లు పడుతుంది. ఇంత పొడవు నెమ్మదిగా నడిస్తే నడక తెలియదు, అందుకే 19ని మరీ నెమ్మదిగా నేర్చుకోవద్దు. ముక్కలు విడివిడిగా 100లో వచ్చాక, కలపడం 140 దగ్గర మొదలుపెట్టండి.

మెట్టు 7: మనోధర్మం, ముక్తాయింపు

తాళం నిలబడితేనే సోలో, అంటే ఒక్కరే అప్పటికప్పుడు కల్పించి వాయించడం. తొలినాళ్లలో సోలో వాయించేవాళ్లు ప్రతి ఆవర్తం మొదటి బీట్‌నూ గుద్దుతూ కూర్చుంటారు, తప్పిపోతామన్న భయంతో. వినేవాళ్లకు అది కవాతులా ఉంటుంది. దీని నుంచి బయటపడటానికి తాళాన్ని దాటే పదబంధాలు సాధన చేయాలి.

7లో నాలుగు బీట్ల పదం ఒకటి ఎంచుకుని ఆపకుండా తిప్పండి. అది వరుసగా 1, 5, 2, 6, 3, 7, 4 మీద మొదలై, నాలుగు ఆవర్తాలు పూర్తయ్యేసరికి మళ్లీ సమం (ఆవర్తం మొదటి బీట్) మీదికి దిగుతుంది. 28 బీట్లలో ఏడు నాలుగులు. 5లో అదే పదం నాలుగు ఆవర్తాలకు ఐదుసార్లు వస్తుంది. పాదం మాత్రం తన పొడుగు, పొట్టి అడుగులు వదలకూడదు.

ఇక ముక్తాయింపు. మృదంగం వచ్చినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు: ఒకే పదం మూడుసార్లు, మధ్యలో రెండు విరామాలు, మొత్తం కలిసి ఆవర్తంలో సరిపోవాలి. 11కి మూడేసి అక్షరాల పదం, ఒక్కో అక్షరం విరామం. 7కి రెండు ఆవర్తాలు తీసుకుని నాలుగేసి బీట్ల పదం, ఒక్కో బీట్ విరామం. 17కి ఐదేసి, మధ్యలో ఒక్కోటి. 19కి ఐదేసి, మధ్యలో రెండేసి. 5కి నాలుగు ఆవర్తాలు తీసుకుంటే ఆరేసి, మధ్యలో ఒక్కోటి. పదం ముగిశాక సమాన్ని కొత్తగా కొట్టండి. చివరి స్వరాన్నే సమం అనుకుంటే లెక్క ఒకటి తగ్గిపోతుంది.

జాజ్‌లో కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) కూడా మారుతూ ఉంటాయి, కాబట్టి ముక్తాయింపు కట్టేటప్పుడు మూడోసారి వచ్చే పదాన్ని అప్పటి కార్డ్‌కు తగినట్టు స్వరం మార్చుకోవాలి. లయ ఒక్కటే చూసుకుంటే చెవికి గుచ్చుకుంటుంది.

మెట్టు 8: బ్యాండుకు రాసుకోవడం

ఎల్లిస్ తన బ్యాండులో ముగ్గురు బాసిస్టులను, ఒకరికి మించి డ్రమ్మర్లను, వాళ్లతో పాటు కాంగా వంటి వాయిద్యాలను పెట్టుకున్నాడు. అంత బలగం లేకపోయినా సూత్రం ఒకటే: ఆవర్తం ఆకారాన్ని ఎవరో ఒకరు వదలకుండా పట్టుకోవాలి. బాస్ గిటార్ ఒక్కటే ఉంటే కీబోర్డు ఎడమచెయ్యి అదే నమూనాను కలిపి వాయించాలి. డ్రమ్ కిట్, మృదంగం రెండూ ఉంటే ఇద్దరూ ఒకేసారి ఫిల్ వేయకూడదు. నాలుగు ఆవర్తాలు ఒకరు, నాలుగు ఇంకొకరు అని కాగితం మీద రాసేయండి.

రాసే వరుస ఇలా ఉంటే మంచిది. ముందు బాస్. తర్వాత ముక్కల మొదళ్ల మీద మాత్రమే ట్రంపెట్, ట్రాంబోన్ దెబ్బలు. ఆ పైన శాక్సోఫోన్లకు పొడుగాటి స్వరాలు, అవి ఆవర్తం హద్దు దాటి సాగాలి. ఈ మూడూ కుదిరాకే తాళానికి అడ్డంగా వెళ్లే వరసలు రాయండి.

నొటేషన్‌లో చిన్న స్వరాల గీతలను ముక్కల ప్రకారమే కలపాలి. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో తాళ గుర్తు లక్షణాల్లోకి వెళ్లి ఆ కలపడం మార్చుకోవచ్చు. మార్చకపోతే వాయించేవాడి కన్ను ఒక లెక్క చెబుతుంది, చెవి ఇంకో లెక్క. ప్రతి ఆవర్తం పైనా 3+2+2 అని రాయనక్కర్లేదు, విడగొట్టే తీరు మారిన చోట రాస్తే చాలు. ఎనిమిది ఆవర్తాలకు మించిన విరామం ఎవరికీ ఇవ్వకండి. తప్పనిసరైతే చివరి రెండు ఆవర్తాల్లో పక్కవాడు వాయించే వరసను చిన్న అక్షరాల్లో చూపించండి.

మెట్టు 9: రిహార్సల్

రెండు గంటల చొప్పున నాలుగుసార్లు. మొదటిరోజు తొలి 40 నిమిషాలు వాయిద్యాలు పెట్టెల్లోనే ఉండాలి: అందరూ గుండ్రంగా నిలబడి జతులు, అడుగులు. ఇది అనవసరమని కొందరు అంటారు, ఒప్పుకోకండి. ఒకడు 3+2+2 అనుకుంటూ, పక్కవాడు 2+2+3 అనుకుంటూ వాయిస్తే బీట్ల మొత్తం కలుస్తుంది, ఊపు కలవదు. కారణం ఎవరికీ అంతుపట్టదు. అది బయటపడేది ఈ 40 నిమిషాల్లోనే. మిగతా సమయం లయ బృందానికి. రెండోరోజు ఊదే వాయిద్యాలు చేరతాయి, సోలోలు లేకుండా. మూడోరోజు సోలోలు, ముక్తాయింపులు. నాలుగోరోజు ఆపకుండా మొత్తం, రెండుసార్లు, రికార్డు చేస్తూ.

నాయకుడు చెయ్యి ఊపేటప్పుడు 19 బీట్లనూ చూపించకూడదు. మూడుకి విశాలంగా, రెండుకి చిన్నగా, ఆ ఒక్కటికి పైకి ఒక విదిలింపు. మొదలుపెట్టేముందు రెండు ఆవర్తాల జతులు బిగ్గరగా చెప్పాలి. మొదటిది అందరూ వినడానికి, రెండోది పాదం కలపడానికి.

వేదిక మీద తాళం తప్పితే

తప్పినవాళ్లు వెంటనే వాయించడం ఆపాలి. ఊహించిన చోట దూకితే పక్కవాళ్లను కూడా లాగేస్తారు. మధ్యలోంచి లెక్క మొదలుపెట్టకుండా అడుగుల పొడవు వినాలి. 7లో పొడుగు అడుగు ఒక్కటే ఉంటుంది, అదే సమం. 11లో పొట్టి అడుగు ఒక్కటే, దాని తర్వాతిది సమం. 17లో రెండు పొట్టి అడుగులు వెంటవెంటనే వినిపించాయంటే ఆవర్తం ముగిసింది. 19లో పొడుగు అడుగులు మొదట్లో తప్ప ఇంకెక్కడా రావు, కాబట్టి రెండు పొడుగులు వినిపించగానే ఎక్కడున్నారో తెలిసిపోతుంది. అప్పుడు మిగతా ఆవర్తం ఊరుకుని, తర్వాతి సమం మీద చేరండి.

బ్యాండు మొత్తం చెదిరిపోతే బాస్ మాట చెల్లుతుంది. బాసిస్ట్ తన నమూనాను ఒక్కడే రెండుసార్లు తిప్పుతాడు, నాయకుడు పిడికిలి పైకెత్తి ఉంచుతాడు, పిడికిలి దిగిన బీట్ మీద అందరూ కలుస్తారు. ఇది కూడా నాలుగో రిహార్సల్‌లో కావాలని ఒకసారి తప్పించి, సాధన చేయాలి.